పందిరి ఖర్చు ఆయనదే

ఆ ఉదయం చిలకలగూడలో మా వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. తమ్ముడు దేవసహాయం ఎండలో కూర్చుని దగ్గుతున్నాడు. అది జైలు దగ్గు. పోలీసు చర్య తర్వాత, కమ్యూనిస్టని మా పేట పెద్దమనిషి వైజ్‌నాథ్ పోలీసులకు చెప్పిన అబద్ధానికి, వాణ్ని విచారణ లేకుండానే రెండేళ్లు లోపల ఉంచారు.

ఇప్పుడు అదే వైజ్‌నాథ్ ఎన్నికల్లో నిలబడి మా వాకిట్లోకే ఓట్లకు వచ్చాడు.

"అక్కా, ఆదివారం మీ ప్రార్థన కూటానికి పందిరి, మైకు, చాయ్ అంత ఖర్చు నాదే. జెర మీవోళ్లకు చెప్పు."

"మంచిది నాయనా. నువ్వు సుత రా, ముందల కూసో."

అతను వెళ్లాక తమ్ముడు మండిపడ్డాడు. "వాని చాయ్ తాగుదమా అక్కా?"

సాయంత్రం ప్రార్థన చేసుకుని ఇంటిల్లిపాదీ నిర్ణయించాం. ఆదివారం ఆ మైకులో మొదటి సాక్ష్యం, తన బతుకులో జరిగిన సంగతి, దేవసహాయం చెబుతాడు, తనను జైలుకు పంపినవాడి పేరుతో సహా. అది ముగిసేదాకా లేచి పోకుండా వైజ్‌నాథ్‌కు అటూ ఇటూ మావాళ్లే కూర్చుంటారు.