కప్పు వెనక నలుపు

మా ల్యాబ్ మేడమ్ తీసిన హోలోగ్రామ్ ముందు తల పక్కకి వంచితే, కప్పు వెనక దాగిన చెంచా కూడా కనిపిస్తుంది. ఒట్టి గాజు పలకలో అంత లోతు పట్టిన ఆ చేతికి దణ్ణం పెట్టాల్సిందే.

ఆ రాత్రి నేను ఇంకాస్త వంగి చూశాను. వెనక కుర్చీలో మనిషి ఆకారంలో నలుపు.

"ఇదేంటి మేడమ్?"

"తీసేటప్పుడు వెంట్రుకవాసి కదిలింది ఏదైనా నల్లగానే పడుతుంది. ఊపిరి పీల్చినా చాలు."

"గదిలో ఎవరూ లేరుగా! ఫ్యాన్ కూడా ఆపి, బయట తాళం వేసింది నేనే."

ఆమె అప్పుడే తీసిన రెండో పలకను లేజర్ వెలుగులో పెట్టారు. నలుపు లేదు. కుర్చీలో ఒక ముసలాయన, కనురెప్పల వెంట్రుకలతో సహా, స్పష్టంగా కూర్చుని ఉన్నాడు.

"ఎంత బాగా వచ్చాడో చూడు!" మేడమ్ మురిసిపోయారు. "ఈసారి ఊపిరి బిగబట్టాడు."