ఒకటి, ఐదు, ఏడు

1983 అక్టోబరు. హైమ వర్జీనియాలో సంగీతం చదవడానికి వచ్చి ఏడు వారాలైంది. ఉదయం తొమ్మిదికి వయొలిన్ టేపు ఇవ్వకపోతే అసిస్టెంట్‌షిప్ పోతుంది, దాంతోపాటు వీసా పోతుంది. రాత్రి ఆమె ప్రాక్టీసు గదిలో ఒంటరిగా నేలమీద కూర్చుని వర్ణం వాయించి, రికార్డు చేసింది. కార్లో తీసుకెళ్లడానికి వచ్చిన స్నేహితురాలు సుమతితో కలిసి విన్నది.

టేపులో వయొలిన్ వెనక ఎవరో తొడమీద ఆదితాళం వేస్తున్నారు. ఎనిమిది లెక్కల్లో ఒకటికి, ఐదుకి, ఏడుకి దెబ్బ వినిపిస్తోంది.

“నువ్వు వేశావటే?” అంది హైమ.

“నాకు తాళం వస్తేగా! నేనిప్పుడేగా పార్క్ చేసి వచ్చింది. ఈ ఊళ్లో అవన్నీ నీకొక్కదానికే తెలుసు. ఇంకోసారి రికార్డ్ చెయ్యి, బయట వెయిట్ చేస్తా.”

హైమ తలుపు లాక్ చేసి టేపు తిప్పింది. వయొలిన్ కమాను ఎత్తకముందే మొదటి దెబ్బ పడింది. ఈసారి అది గదిలోనే, ఆమె ఎదురుగా పడింది. అక్కడ ఎవరూ లేరు. టేపు కావాలి కనక వాయించింది. వర్ణం అయిపోయినా దెబ్బలు ఆగలేదు. కమాను దించబోతే ఇంకా దగ్గరగా పడ్డాయి. ఆమె మళ్లీ పల్లవి ఎత్తుకుంది.

“అయిందా?” అంటూ సుమతి తలుపు తట్టింది.

హైమ వాయిస్తూనే ఉంది. నోరు తెరిస్తే లెక్క తప్పుతుంది.