ఖాళీ పిస్తోలు

"ఒంటిచేత్తో కాల్చేటప్పుడు రెండో చెయ్యి ఛాతీకి ఆనించుకోవాలి. గొట్టం ముందుకి రాకూడదు," అని అలవాటుగా వల్లించాడు కాల్పులు నేర్పే మాస్టారు.

"నాకా బాధ లేదు సార్," అంది ఎదురుగా నిలబడ్డావిడ. ఆవిడ చొక్కా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి పిన్నీసు పెట్టి ఉంది. బ్యాంకు వ్యానుకి కాపలా ఉద్యోగం. ఇవాళ మాస్టారు సంతకం పెడితేనే అది నిలుస్తుంది.

ఆయన పిస్తోలు బల్ల మీద ఆవిడ వైపు జరిపాడు. "ఖాళీదే, తీసుకో. కరవదు."

"తెరిచి చూపించండి సార్."

"అబ్బో, నాకే పాఠాలా? నువ్వు పలక పట్టేనాటికే నేను పిస్తోలు పట్టాను."

ఆవిడ ఆయన తల వెనక బోర్డుకేసి చూసింది. 'ఎవరిచ్చినా సరే, పిస్తోల్లో తూటా ఉన్నట్టే లెక్క' అని ఉంది. ఆ రాత ఆయనదే.

"భయమేస్తే ఇంటికెళ్ళి కూరగాయలు తరుక్కో."

"ఒంటిచేత్తో అది ఇంకా కష్టం సార్. తెరవండి."

మాస్టారు విసురుగా పైభాగం వెనక్కి లాగి చూపించాడు. లోపల తూటా లేదు.

"చూశావా? ఇరవయ్యేళ్ళ అనుభవం ఊరికే పోతుందా?"

"పోదు సార్," అంది ఆవిడ, ఊడొస్తున్న పిన్నీసు సర్దుకుంటూ. "ఖాళీదేనని చెప్పి నా చెయ్యి పేల్చేసినాయనకి పాతికేళ్ళ అనుభవం."

పిస్తోలు అందించబోతున్న మాస్టారు ఆగిపోయాడు. మళ్ళీ వెనక్కి లాగి, ఈసారి చిటికెన వేలు లోపల పెట్టి, నెమ్మదిగా తడిమి చూసుకున్నాడు.