స్కానింగు గది బయట

"ఆ కూలరు కట్టేయించు ముందు!" అంటూ దాలమ్మ మళ్ళీ కుర్చీలోంచి లేచింది.

సూరిబాబు తెల్లబోయాడు. బయట మే నెల ఎండకి రాయపూరంతా పెనంలా కాలుతోంది. శంకర్ నగర్‌లోని ఆ స్కానింగు సెంటరులో ఉన్న సుఖమల్లా ఆ కూలరొక్కటే. పైగా దాలమ్మ ఏడాదిగా ఒళ్ళు మంటలంటూ చలికాలంలో కూడా ఫాను వేయించుకున్న మనిషి.

"గాలి బాగానే ఉంది కదే?"

"గాలి కాదయ్యా, ఆ నీళ్ళ సప్పుడు. సంపేస్తంది నన్ను."

కూలరు కింద పెట్టిన బకెట్లోకి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. అందులో చంపేసేంత ఏముందో సూరిబాబుకు బోధపడలేదు. అయినా ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పే మొహం తనకు లేదని అతనికి తెలుసు.

ఏడాదిగా దాలమ్మ చిక్కి సగమైంది. చేతులు వణికేవి, గుండె దడదడలాడేది, చిన్న మాటకే ఇంతెత్తున లేచేది. సూరిబాబు మొదట పొగరన్నాడు, తర్వాత గాలి సోకిందన్నాడు. టాటీబంధ్ దగ్గర తాముండే వీధిలో తెలుగువాళ్ళందరికీ పెళ్ళాం మీద చాడీలు చెప్పాడు. చివరికి రైల్వే ఆసుపత్రి డాక్టరు ఆమె మెడ తడిమి, రక్తపరీక్ష చేయించి, ఇది స్వభావం కాదు, థైరాయిడ్ జబ్బు అని తేల్చాడు. మాత్రలు పడ్డాక కాస్త నిమ్మళించింది. మెడలో గడ్డలాంటిదేదో తగులుతోందని ఇప్పుడు స్కానింగుకు రాశాడు.

గడ్డ భయం సరే, సూరిబాబు గుండెలో ముల్లు వేరే ఉంది. జబ్బు సంగతి తెలియకముందే అతను ఎస్టీడీ బూత్ నుంచి పలాసలో ఉన్న దాలమ్మ అన్న గురునాథానికి ఫోను చేశాడు. "నీ చెల్లెల్ని తీసుకుపో బావా, నేను వేగలేను" అనేశాడు. సెలవు దొరగ్గానే వస్తానన్నాడు గురునాథం. ఇవాళ పొద్దున్నే మళ్ళీ ఫోను చేసి వద్దందామనుకుంటే, అప్పటికే బండెక్కాడన్నారు. రేపు పొద్దున్న దిగుతాడు. ఇదేదీ దాలమ్మకు తెలియదు. అన్న నోట వినేలోగా తానే చెప్పుకోవాలి. అసలే అభిమానం గల మనిషి, క్షమించకపోతే అన్న వెంట వెళ్ళిపోతుంది. పోతే మరి తిరిగిరాదు.

తీరా చెబుదామంటే పొద్దుటి నుంచి ఆమె వాలకమే బాగాలేదు. స్కూటరు గోతిలో పడ్డప్పుడల్లా "మెల్లగా, మెల్లగా" అంటూ అతని భుజం రక్కేసింది. ఇక్కడ టీ తెప్పిస్తే విషం చూసినట్టు చూసింది. నిన్న సాయంత్రం పక్కింటి ఆండాళమ్మ, కూతురికి స్కానింగు చేయించిన అనుభవంతో, చాలాసేపు దాలమ్మ చెవిలో ఏదో ఊదిపోయింది. ఏం చెప్పి బెదరగొట్టిందో అని సూరిబాబు ఆమెను మనసులోనే తిట్టుకున్నాడు.

ఇంతలో కరెంటు పోయింది.

"లైట్ చలీ గయీ. థోడా బైఠియే" అంది కౌంటరు అమ్మాయి, కాసేపు కూర్చోమన్నట్టు చెయ్యి చూపిస్తూ.

దాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మనిషిని ఇంత హింస పెడతారా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది సూరిబాబుకు. ఇక ఆగలేకపోయాడు.

"దాలీ, నీకో మాట సెప్పాల."

"ఇప్పుడొద్దు."

"ఇప్పుడే సెప్పాల. రేపయితే లాభం నేదు."

ఆమె కొంగు పిడికిట్లో బిగించి కళ్ళు మూసుకుంది.

"ఊరందరి దగ్గరా నిన్ను పాగల్ అన్నాను, పిచ్చిదన్నాను. జబ్బని నాకు తెలీనేదే."

"సరే."

"అంతే కాదు. నిన్ను తీసుకుపొమ్మని మీ అన్నయ్యకి ఫోన్ సేసాను. రేపు దిగుతన్నాడు."

"సరే, సరే."

సూరిబాబు నిర్ఘాంతపోయాడు. తిడుతుందనుకున్నాడు, లేచి పోతుందనుకున్నాడు. ఆమె పెదవి కొరుక్కుని బిగుసుకుని కూర్చుంది. ఆ ఓర్పు చూసి అతని గుండె చెరువైపోయింది. భుజం మీద చెయ్యి వేయబోతే "కదపకు!" అని వెనక్కి తగ్గింది. అంతమాత్రం కోపం న్యాయమే అనుకున్నాడు.

"నువ్వెళ్ళకే. రోజూ మాత్ర నేనే సేతికిస్తాను. రక్తపరీక్షలకి నేనే తిప్పుతాను. మీ అన్నయ్య ముందు తప్పొప్పుకుంటాను. ఉండిపోతావు కదా?"

"ఊఁ... అలాగే, అలాగే!" దాలమ్మ గబగబా తలూపింది.

సూరిబాబుకు ఏడుపు ఆగలేదు. చుట్టూ జనం చూస్తున్నా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కాడు. ఇంత పెద్ద మనసున్న మనిషినా ఇన్నాళ్ళూ నానా మాటలూ అన్నది అని కుమిలిపోయాడు. అయినా ఏడాది బరువు దిగి ప్రాణం హాయిగా ఉంది.

కరెంటు వచ్చింది. పేరు పిలవడమే ఆలస్యం, దాలమ్మ లోపలికి ఒక్క పరుగు తీసింది. కాసేపటికి అదే పరుగున బయటికొచ్చింది. మెడకు పూసిన జిగురైనా సరిగా తుడుచుకోకుండా, భర్త వైపు కన్నెత్తి చూడకుండా పెరటివైపు దూసుకుపోయింది. సూరిబాబు గాభరాగా లేచాడు.

"ఏమన్నారమ్మా?" అన్నాడు వెనకే వచ్చిన నర్సు మేరీతో. ఆమెది కాకినాడ వైపు.

"కంగారు పడకండి. గ్రంథి వాచిందంతే, భయపడే గడ్డ కాదని చెప్పమన్నారు డాక్టరుగారు. మాత్రలు మాత్రం మానకూడదంట." మేరీ నవ్వాపుకుంటోంది. "అది సరే గానీ, మెడ స్కానింగుకి బిందెడు నీళ్ళు తాగి ఆపుకోమని ఎవరు చెప్పారండీ ఆవిడకి? అది కడుపుతో ఉన్నోళ్ళకండీ బాబూ!"

దాలమ్మ తాపీగా నడుచుకుంటూ తిరిగొచ్చింది. మొహం తేటపడింది. భర్త పక్కన కూర్చుని హమ్మయ్య అని ఊపిరి వదిలింది.

"ఇప్పుడు సెప్పు, ఇందాకట్నుంచి ఏటో గొణుగుతన్నావు?"