సంతకం పెట్టని మనిషి

"దీని మీద ఏదో రాత ఉంది. చెల్లదు. అభ్యంతరం ఉంటే ఇద్దరూ చూడొచ్చు," అంటూ కోళ్ళ ఫ్యాక్టరీలో యూనియన్ కావాలా వద్దా అన్న ఓట్లు లెక్కపెట్టడానికి ప్రభుత్వం పంపిన అధికారి మడత విప్పిన ఓటు కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

కంపెనీ తరఫున కూర్చున్న గుమస్తా క్లింట్ వంగి చూశాడు. చూసి, వస్తున్న నవ్వును ఆపుకుని, "నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

యూనియన్ తరఫున కూర్చున్న ఆర్లీన్ అటు తలైనా తిప్పలేదు. వారం రోజులుగా బాత్రూం గోడల మీద ఎవరో యూనియన్‌ని బూతులు తిడుతూ రాస్తున్నారు. ఇదీ ఆ బాపతే అనుకుంది.

"చూసేదేముంది? అవతల పడేయండి," అంది.

గడిలో గుర్తు తప్ప ఇంకేం గీకినా ఓటు పోతుందని ఆమె అందరికీ నూరిపోసింది. అందరికీ అంటే, యూనియన్ కావాలని కార్డు మీద సంతకం పెట్టినవాళ్ళకి. పెట్టనివాళ్ళకి చెప్పడం దేనికి, వాళ్ళ ఓట్లు పాడైతే మనకే మంచిది కదా అనుకుంది. ఆ కోళ్ళ ఫ్యాక్టరీలో బాత్రూంకి వెళ్ళాలంటే చెయ్యెత్తి అరగంట నిలబడాలి. వేళ్ళు వంకర్లు పోయినా కోళ్ళని మోసుకొచ్చే బెల్టు ఆగదు. ఇన్నేళ్ళకి అదంతా మారే రోజొచ్చిందని ఆమె పొద్దున్నుంచీ కాఫీ చుక్క కూడా ముట్టలేదు.

లెక్క తేలింది.

"యూనియన్ కావాలన్నవాళ్ళు రెండు వందల పద్నాలుగు. వద్దన్నవాళ్ళు రెండు వందల పద్నాలుగు."



"అంటే?" అంది ఆర్లీన్.

"సమానంగా వస్తే యూనియన్ ఓడినట్టేనమ్మా. రూలు అంతే," అన్నాడు అధికారి, కళ్ళు దించుకుని.

వెనకాల ఎవరో భోరుమన్నారు. క్లింట్ అప్పటికే ఫోన్ తీసి మేనేజరుకి శుభవార్త చెప్పేస్తున్నాడు. ఆర్లీన్ విసురుగా తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ఒక్క ఓటు! ఆ ఒక్కటీ ఎవరిదో ఆమెకి అనుమానమే లేదు.

పార్కింగ్‌లో ఓడెల్ తన పాత ట్రక్కుకి ఆనుకుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా కోళ్ళని కొక్కేలకి తగిలించిన చేతులు. వేళ్ళు సగం దాకా వంగి ఆగిపోతాయి. ఒక్కో కాయకీ ఆయన నానా అవస్థా పడుతున్నాడు.

"రామ్మా, గెలిచామా?" అన్నాడు పొట్లం ముందుకు చాచి.

"గెలిచామా అట! నువ్వెప్పుడు మాలో కలిశావన్నా?"

"అదేంటమ్మా..."

"ఒక్క ఓటు తక్కువై పోయింది! తృప్తిగా ఉందా? మేమందరం ఉద్యోగాలు పోతే పోయాయని పేర్లు రాసిచ్చాం. నువ్వేమో కార్డు జేబులో వేసుకుని పిల్లిలా జారుకున్నావు. కంపెనీ నీకేం పెడతానంది? క్రిస్మస్‌కి ఇచ్చే కోడికి తోడు ఇంకోటా?"

ఓడెల్ చేతిలో పొట్లం జారి కింద పడింది. కాయలన్నీ దొర్లిపోయాయి. వాటివైపు చూడనుకూడా చూడలేదాయన.

"ఓడిపోయామా?" అన్నాడు మెల్లగా.

ఆ గొంతు విని ఆర్లీన్ కాస్త తగ్గింది. నిజానికి నెల క్రితం క్యాంటీన్‌లో అందరి ముందూ ఆమె అన్న మాట ఆమెకే గుర్తొచ్చింది. 'కాగితం మీద పేరు రాయడానికి చెయ్యి రానివాడివి, నువ్వేం మగాడివన్నా! దమ్ముంటే పేరు రాసి చూపించు!' అందరూ పగలబడి నవ్వారు. ఓడెల్ మాత్రం కార్డు మడిచి జేబులో పెట్టుకుని, ప్లేటు సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

"ఆ కార్డు నిండా చిన్న చిన్న అక్షరాలమ్మా," అన్నాడు ఓడెల్. "నాకు చదువు రాదు. నా పేరు రాయడం వచ్చు, అంతే. చదివిపెట్టమని అంతమందిలో ఎలా అడగను? ఏం రాసుందో తెలియని కాగితం మీద సంతకం పెట్టే మా నాన్న ఉన్న పొలం పోగొట్టుకున్నాడు."

 ఆర్లీన్ పదకొండేళ్ళు బెల్టు దగ్గర ఆయన పక్కనే నిలబడింది. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటాడు కదా, చదువుతున్నాడనే అనుకుంది.

"నా ఒక్కదానికైనా చెప్పొద్దా అన్నా? నేను చదివిపెట్టేదాన్ని కదా." కింద పడిన పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది. "అనరాని మాటలన్నాను. క్షమించు. భయపడి వద్దని వేశావేమో, వేస్తే వేశావులే. నీ తప్పేం లేదు."

"వద్దని వేశానా?" ఓడెల్ ట్రక్కుని వదిలి నిటారుగా నిలబడ్డాడు. నెల రోజుల తర్వాత ఇప్పుడే ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. "అవును, కాదు అన్న రెండు ముక్కలూ మా మనవరాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నానమ్మా. అవును అన్న గడిలోనే గీశాను."

"నిజంగానా అన్నా?"

"నమ్మకం లేకపోతే వెళ్ళి ఆ పెట్టెలో వెతుక్కో, నా కాగితం ఇట్టే దొరుకుతుంది. నువ్వు దమ్ముంటే రాయమన్నావుగా, ఓడెల్ జేమ్స్ పెట్‌వే అని గడి కింద నా పేరు పూర్తిగా రాసి మరీ వేశాను!"