తిరగేసిన రాయి

గోనెసంచి చుట్టిన రాయిని ఆటోలోంచి దించలేక ముసలాయన నానా అవస్థ పడుతున్నాడు.

జాషువా చూశాడు. చూసి కూడా లేవలేదు.

లేవడానికి తీరికేదీ? రేపు పొద్దున పదింటికి కొత్త ఎమ్మెల్యే వస్తున్నాడు. అర్ధవీడు పక్కన, అదీ జాషువా సొంత ఊళ్ళో, మంచినీళ్ళ ట్యాంకుకు రంగులేయించి మళ్ళీ ప్రారంభిస్తాడట. శిలాఫలకం ఈ రోజే పూర్తి చేయాలి. మార్కాపురంలో ఎంతమంది ఉన్నా రాయి మీద పేరంటే జాషువా చెక్కాల్సిందే మరి!

చివరికి ఆటో అతనే సాయం పట్టి రాయిని దుకాణంలో దించాడు.

"ఏంది తాతా?"

"రెండు అక్షరాలు లేచిపోయినాయి నాయనా. గడ్డపార దెబ్బ. మళ్ళా చెక్కియ్యాల."

"ఆడ పెట్టి పో. శుక్రవారం రా."

"యోబు కొడుకువు నువ్వే గదా?"

ఉలి ఆగింది.

"మా నాయన నీకెట్ల తెలుసు?"

"తెలుసు." ముసలాయనను దగ్గు ఊపేసింది. "సంచి విప్పి చదువు. చదివినాక మాట్లాడుకుందాం. నువ్వు తిట్టినా పడతా."

"నిన్నెందుకు తిడతా తాతా? పని మీద ఉండా. శుక్రవారం రా అంటి గదా!"

ముసలాయన ఇంకేదో అనబోయాడు. గోనెసంచిని ఒకసారి తడిమి వెళ్ళిపోయాడు.

నాయన పేరు వింటే చాలు, ఆయన పేరిట జరిగిన మోసం మీద జాషువాకు కోపం ముంచుకొస్తుంది.

ఆ ట్యాంకుకు నీళ్ళిచ్చే బావి తవ్వుతూ, గట్టు విరిగి మీద పడి పోయాడు యోబు. అప్పటికి జాషువాకు పదేళ్ళు. అప్పటి ఎమ్మెల్యే నాగయ్య వీళ్ళింటికి వచ్చి, తల్లి యేసుమణి ముందు కూర్చుని, "ఆ ట్యాంకు మీద యోబు పేరే ఉంటాదమ్మా" అన్నాడు. నల్ల మీసాలు, తెల్ల చొక్కా. జాషువాకు గుర్తున్నది అంతే.

ట్యాంకు ప్రారంభమైంది. ఎవరెవరి పేర్లో పడ్డాయి. యోబు పేరు లేదు. ఇచ్చిన మాట అడుగుదామంటే ప్రారంభానికి నాగయ్యే రాలేదు, మొహం చాటేశాడు.

ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోతే యేసుమణి, "దేవుడున్నాడు" అంది.

జాషువా ఉలి పట్టింది ఆ కసితోనే. ఎవరెవరి పేర్లో చెక్కాడు గానీ, నాయన పేరు ఎవరూ చెక్కమనలేదు. తానే చెక్కుకుందామంటే, తీసుకెళ్ళి ఆ గోడకు పెడితే ఉండనిస్తారా?

సాయంత్రం నాలుగింటికి కొంప మునిగింది. చివరి వరసలో ఉండగా రాయి నిలువునా చీలింది.

"అయ్యో! ఇప్పుడెట్ల?" అంది భార్య షారోన్. "రాళ్ళ లారీ ఎల్లుండి గానీ రాదు గదా?"

జాషువా చూపు గోనెసంచి మీద పడింది. కొలత సరిపోయింది.

"ముసలాయనకు ఇంకోటి చెక్కిస్తాంలే."

"ముందు చదువు, ఏం రాసుందో."

"చదవకూడదు."

ప్రభుత్వం మారినప్పుడల్లా వాళ్ళకు పాత రాళ్ళు వస్తాయి. తిరగేసి వెనక వైపు కొత్త పేర్లు చెక్కేస్తారు. పాత పేర్లు చదివితే ఉలి సాగదని జాషువాకు పని నేర్పిన మేస్త్రి చెప్పాడు. పిచ్చి నమ్మకమే, కానీ జాషువా ఇంతవరకు తప్పలేదు. సంచి మీద నుంచే తడిమి అక్షరాల వైపు కనిపెట్టి, విప్పకుండానే బోర్లించాడు. అప్పుడు లాగాడు సంచిని.

రాత్రంతా వెనక వైపు కొత్త పేర్లు చెక్కి, తెల్లారి ఆ రాయిని ట్యాంకు గోడకు తానే పెట్టాడు. సిమెంటు గట్టిగా పట్టించాడు, మళ్ళీ ఎవడూ పీకకుండా.

శుక్రవారం ముసలాయన రాలేదు. ఒకామె వచ్చింది.

"నా పేరు ఉమ. మా నాయన మీకు ఒక రాయి ఇచ్చినాడంట గదా అన్నా?"

"అది... పగిలిపోయిందమ్మా. ఇంకోటి చెక్కిస్తా. ఆయన రాలేదేం?"

"బుధవారం పోయినాడు."

జాషువా ఉలి కింద పెట్టాడు.

ఉమ ఒక కాగితం చాపింది, రాయి మీది మాటలు ముసలాయన రాసి పెట్టినది. వణికే చేతి రాత. *బావి తవ్వుతూ ప్రాణం విడిచిన యోబు పేరిట ఈ మంచినీళ్ళ ట్యాంకు.*

రెండోసారి చదివాడు. అక్షరాలు మసకబారాయి.

"ప్రారంభానికి ముందు రోజు మా నాయనే దగ్గరుండి గోడకు పెట్టించినాడన్నా ఆ రాయి. కూలోడి పేరున్న ట్యాంకు నీళ్ళు మేం తాగమని తెల్లారేలోపు ఊరి పెద్దోళ్ళు పీకేయించినారు. ఆ పేరు లేకుంటే నేను రానని ఈయన ప్రారంభానికే పోలేదు, దాంతో ఆ పెద్దోళ్ళంతా ఈయనకు ఎదురు తిరిగినారు. కాలవలో పడేసిన రాయిని ఎత్తుకొచ్చి ఇన్నేండ్లు తన మంచం కిందే పెట్టుకున్నాడు."

"మాతో ఒక్క మాట చెప్పలేదే!"

"పేరు పెట్టలేక ఏ మొహంతో పోయేది అనేవాడు. ఇప్పుడు ఇంక ఎక్కువ రోజులు ఉండనని తెలిసి, యోబు కొడుకు చేతనే బాగుచేయించాలని పట్టుబట్టినాడు. వద్దన్నా వినకుండా గిద్దలూరు నుంచి ఒక్కడే వచ్చినాడు."

జాషువా తన చేతుల వంక చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో సిమెంటు ఇంకా పోలేదు. నాయన పేరు ఆ గోడకే ఉంది, లోపలి వైపు తిరిగి.

"అమ్మా, మీ నాయన ఎవరు?"

"ఆయన చెప్పలేదా అన్నా? నాగయ్య, ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, ఆరోసారి మీ నాయన పేరు కోసం ఓడిపోయినాడు."