ఎదురు షాపు మనిషి

"అవి వద్దు బాబూ."

డ్రైవరు వెనక్కి తిరిగాడు. టైర్ల షాపు రేకుల నీడలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగు. మిట్టమధ్యాహ్నం.

డ్రైవరు అప్పుడే నాలుగు టైర్లు ఎంచి పక్కన పెట్టించాడు. బయట అతని పికప్ బండి ఆగి ఉంది. దాని టైర్లు అరిగి లోపలి తీగలు బయటికొచ్చాయి. వెనక ఖాళీ నీళ్ల క్యాన్లు.

"ఎందుకొద్దు?" అని అడిగింది డ్రైవరు భార్య.

ఇద్దరూ కలిసే పని చేస్తారు. క్వారీలో కూలీలకు రోజూ రెండు ట్రిప్పులు మంచినీళ్లు వేస్తారు. అతను నడుపుతాడు. ఆమె పక్కన కూర్చుంటుంది, అక్కడికెళ్లాక క్యాన్లు దింపుతుంది. దారి పొడవునా చెట్టు లేదు.

ముసలాయన వంగి టైరు పక్కభాగం మీద వేలు పెట్టాడు. కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత. అందులో నాలుగంకెలు.

"మొదటి రెండూ వారం. చివరి రెండూ సంవత్సరం. ఇవి తయారై ఎనిమిదేళ్లయింది."

"వాడలేదు కదండీ," అన్నాడు డ్రైవరు. "బటన్ల మధ్య గాడి చూడండి, వేలు ఎంత లోపలికి దిగుతోందో."

"వాడకపోయినా ముసలివవుతాయి. ఎనిమిది ఎండాకాలాలు ఈ రేకుల కింద ఉడికాయి. రబ్బరు పెళుసెక్కింది. ఖాళీ బండికైతే కొన్నాళ్లు లాగుతాయేమో. నీది నీళ్ల లోడు. ఆ రోడ్డు మీద, ఈ ఎండలో ఆగవు."

"మరి ఏవి తీసుకోమంటారు?" అంది ఆమె.

ముసలాయన గొడుగుతో రోడ్డు అవతలికి చూపించాడు. అక్కడ ఇంకో టైర్ల షాపు ఉంది.

"వాళ్ల దగ్గర ఈ ఏడాదివి ఉన్నాయి. లోడు బళ్లకు వేసేవే. ధర కూడా ఇదే."

డ్రైవరు నవ్వాడు. "అదీ సంగతి! ఇంత ఎండలో గొడుగేసుకుని మరీ వచ్చారెందుకా అనుకున్నా."

లోపలి నుంచి షాపు యజమాని వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ముసలాయన వైపు చూడకుండా డ్రైవరుతోనే మాట్లాడాడు.

"ఆయన మాటలకేం గానీ అన్నా, ఎదురు షాపు మనిషి. ఇక్కడ గిరాకీ కనబడితే చాలు, ఈగలా వచ్చి వాలతాడు. అటు తోలితే వాళ్లేదో ముట్టజెప్తారు."

ముసలాయన యజమాని వైపు చూశాడు. 

"ఏం పెద్దాయనా, నిజమేనా?" అన్నాడు డ్రైవరు. "కాకపోతే చెప్పండి, మీరెవరో."

"నేనెవరైతే ఏంలే. నంబరు చూసుకో బాబూ."

గొడుగు విప్పుకుని ఎండలోకి నడిచాడు. రోడ్డు దాటలేదు. ఇవతలి వైపే నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"ఆయన ఎవరి మనిషైతే మనకేం?" అంది భార్య. "నంబరు కూడా లంచం తింటుందా?"

"నీకు టైర్ల గురించి ఏం తెలుసే?"

"ఏమీ తెలీదు. తెలీదు కాబట్టే అంటున్నా. రోడ్డు దాటి ఒకసారి చూసొస్తే కాళ్లరిగిపోతాయా?"

యజమాని నవ్వాడు. "వెళ్లి చూసి రండక్కా. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! అన్న మీరెలా చెప్తే అలా చేస్తాడుగా."

ఆ చివరి మాట డ్రైవరుకు తగిలింది.

"బిగించండి," అన్నాడు.

"సరే," అంది ఆమె. "నడిపేది నువ్వు. నేను పక్కన కూర్చునేదాన్నే కదా."

పద్దెనిమిదో రోజు, రెండో ట్రిప్పులో, వెనక టైరు పేలింది. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. బండిలో అరవై క్యాన్లున్నాయి. బండి రెండు పల్టీలు కొట్టి, ఆమె కూర్చున్న వైపు కిందికి పడింది.

డ్రైవరు చెయ్యి విరిగింది. క్వారీ లారీ అటుగా రావడానికి గంట పట్టింది. ఆమె అంతసేపు బతకలేదు.

ఆస్పత్రికి పోలీసు వచ్చాడు.

"ఎనిమిదేళ్ల నాటి టైరయ్యా అది. కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు."

"ఎవరు?"

"ఎదురు షాపు మనిషి."

"అమ్మినవాడు మాత్రం నంబరు చూపించాకే ఇచ్చానంటున్నాడు. నీ మాట ఒక్కటే చాలదు. ఆ మనిషిని పట్టుకో. నంబరు చూపించింది తానే గానీ అమ్మినవాడు కాదని ఆయన వచ్చి చెప్తే కేసు నిలబడుతుంది. లేకపోతే తప్పంతా డ్రైవింగ్ మీదికి పోతుంది."

ప్రమాదం జరిగిన మూడో వారం, చేతికి కట్టుతోనే డ్రైవరు ఎదురు షాపుకు వెళ్లాడు. షాపతను టీ తాగుతున్నాడు.

"మీ మనిషి కావాలండీ. గొడుగు పెద్దాయన."

"మా మనిషా?"

"కోర్టులో ఒక్క మాట చెప్తే చాలు. ఆ రోజు నాకు చెప్పిందే చెప్పమనండి. కాళ్లు పట్టుకుంటాను."

షాపతను గ్లాసు పక్కన పెట్టాడు. డ్రైవరు చేతికట్టు చూశాడు. స్టూలు ముందుకు జరిపి కూర్చోమన్నాడు. డ్రైవరు కూర్చోలేదు.

"ఆయన చెప్తాడండీ," అన్నాడు డ్రైవరు. "అడక్కుండానే చెప్పిన మనిషి."

"ఆయన నా మనిషి కాదయ్యా. ముప్పై ఏళ్లు నాకు పోటీ. ఆ ముప్పై ఏళ్లలో ఒక్క గిరాకీని కూడా ఇటు రానిచ్చేవాడు కాదు."

డ్రైవరుకు అర్థం కాలేదు.

షాపతను రోడ్డు అవతలికి చూస్తూ గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ షాపు పెట్టింది ఆయనే. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది ఆయన ఒక్కగానొక్క కొడుకు."